ఎర్ర సిరా

1985 మార్చి 29, మధ్యాహ్నం మూడున్నర. 4వ కోర్ ఆపరేటింగ్ సిగ్నల్ రెజిమెంటు క్వార్టర్ గార్డులో ఒక సిపాయి చేతులకు బేడీలతో ఉన్నాడు. ఆ రోజు ఆర్డర్లీ ఆఫీసరుగా డ్యూటీలో ఉన్న సుబేదారు వచ్చి, అన్నం తినమని హుకుం ఇచ్చాడు. సిపాయి తినలేదు.

చార్జిషీటులో ఉన్న నేరం ఇదొక్కటే. ఆర్మీ యాక్టు 41వ సెక్షన్, పై అధికారి ఆజ్ఞను ధిక్కరించడం. పళ్లెంలో ఏముందో, అతను ఎందుకు తినలేదో, ఒంట్లో బాగాలేకనా, అభిమానం అడ్డొచ్చా, ఆ కాగితం చెప్పదు. తినమన్నారు, తినలేదు, అంతవరకే.

ఆ సిపాయి పేరు రంజిత్ ఠాకూర్. 1972లో పట్టాళంలో చేరినవాడు, పన్నెండేళ్ల సర్వీసు దాటినవాడు. చేతులకు బేడీలు పడటానికి కారణం ఒక అర్జీ. తన కమాండింగ్ ఆఫీసరు తనను వేధిస్తున్నాడని పై అధికారులకు నేరుగా రాసుకున్నాడు. వరుస తప్పి అర్జీ పెట్టడం నేరమంటూ, ఎవరి మీద మొరపెట్టుకున్నాడో ఆ ఆఫీసరే అతనికి 28 రోజుల కఠిన శిక్ష వేశాడు. ఆ శిక్ష నడుస్తుండగానే ఈ అన్నం గొడవ వచ్చింది.

మర్నాడే సమ్మరీ కోర్టు మార్షల్ కూర్చుంది. పేరుకు కోర్టే గానీ అందులో తీర్పరి కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే. పక్కన మరో ఇద్దరు హాజరుంటారు, తీర్పులో వాళ్ల మాట చెల్లదు. అంటే ఫిర్యాదు ఎవరి మీదో ఆయనే మొదటి శిక్ష వేశాడు, రెండోసారి జడ్జీగానూ ఆయనే కూర్చున్నాడు. ముద్దాయి నేరం ఒప్పుకున్నాడని రికార్డులో రాసుకున్నారు. ఏడాది కఠిన కారాగారం, ఉద్యోగం నుంచి డిస్మిస్, ఆపైన ఇక ఏ సివిల్ ఉద్యోగానికీ పనికిరాడన్న ముద్ర. అదే రోజు అతన్ని తేజ్‌పూర్ జైలుకు పంపేశారు. కింద ఉన్న మనిషి మీద పైనున్న మనిషికి కోపం వస్తే ఎంత దూరం పోగలదో ఈ ఒక్క రోజు చాలు తెలుసుకోడానికి.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఉంటున్న ఒక రిటైర్డు హవల్దారు. తన కోసం చెప్పలేదు, ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడి కోసం చెప్పాడు. ఆ ఇద్దరి పేర్లూ రాయడం లేదు. కుర్రాడిని కూడా ఒక్క మనిషిగా చూపిస్తున్నానే గానీ, ఆ మెట్ట ఊళ్లలో ఇదే బాధ పడ్డవాళ్లు చెప్పుకున్న మాటలు అతని నోట పెట్టి, గుర్తుపట్టే ఆనవాళ్లు తీసేశాను. కోర్టు సంగతులు మాత్రం రికార్డులో ఉన్నవి ఉన్నట్టే.

ఉదయగిరి కొండ చుట్టుపక్కల నేల తెలిసినవాళ్లకు అక్కడి పిల్లలు మిలిటరీకి ఎందుకు పోతారో చెప్పనక్కర్లేదు. పెన్న మీద సోమశిల డ్యాము కట్టినా పై మెట్టకు నీళ్లెక్కవు. హైలెవల్ కాలువ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులే. పొగాకు వేసినవాడు డీసీ పల్లి వేలంలోనో కలిగిరి వేలంలోనో ఏ ధర పలుకుతుందోనని పంటకాలమంతా గుండె చిక్కబట్టుకుని ఉంటాడు. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు, అప్పు మాత్రం ఖాయం. అందుకని ఇంటర్ అయిన కుర్రాడు తెల్లారకముందే రోడ్డు మీద 1,600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తుంటాడు. సెలక్షన్ వచ్చిందంటే ఊరంతా పండగ. బస్సెక్కించడానికి చుట్టాలందరూ వస్తారు.

వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం కొందరు ఒంటరిగా బస్సు దిగుతారు. ఈ కుర్రాడు అట్లా దిగినవాడే. హైదరాబాదు గోల్కొండ ఆర్టిలరీ సెంటరులో ట్రైనింగ్, పదకొండేళ్ల సర్వీసు, ఒకరోజు చేతికి డిశ్చార్జి కాగితం. "సేవలు ఇక అవసరం లేదు" అన్నది అందులో కారణం. ఊళ్లో మాత్రం తనే మానుకుని వచ్చేశానన్నాడు. అయిదేళ్లు ఆ మాట మీదే బతికాడు.

హవల్దారు ఇంటి వసారాలో ఒక పాత ఇనప ట్రంకు ఉంది. దాని మూత మీద రెజిమెంటు పేరు, నంబరు తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి. కుర్రాడు తన ప్లాస్టిక్ కవరు విప్పి, కాగితాలు ఆ మూత మీదే పరిచాడు. సర్వీసు వివరాలు, శిక్షలు ఎక్కించే షీట్ రోల్ నకలు చేతుల్లో నలిగి మడతల దగ్గర చిరుగుపట్టింది. చిన్న శిక్షలు నల్ల సిరాలో, పెద్దవి ఎర్ర సిరాలో ఎక్కించడం పట్టాళంలో పాత ఆనవాయితీ. అతని కాగితం మీద ఎర్ర సిరా నాలుగుచోట్ల ఉంది. జిరాక్సులో ఎరుపు కనపడదు. అతనే ఆ నాలుగింటి కింద పెన్నుతో గీతలు పెట్టుకున్నాడు.

"ఏంది అబ్బయా, నాలుగూ లీవు మీదనే?"

"అవును మామా. ఓవర్ స్టే. మొదటిది నాయనకు ఆపరేషనప్పుడు. పన్నెండు రోజులు ఎక్కువున్నా. రెండోది బోరు అప్పోళ్లు ఇంటి మీదకొచ్చి కూర్చున్నప్పుడు."

"ఆ మాట చెప్పినావా ఆడ?"

"చెప్పినా. రాసుకోలా. తప్పు చేసినావా లేదా అన్నారు. చేసినానన్నా. 14 రోజులు లోపలేసినారు."

"మరి ఇన్నాళ్లు ఎందుకు నోరు మూసుకోనున్నావు?"

కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. "సిగ్గయింది మామా. అమ్మకే చెప్పలా. క్యాంటీను కార్డు తీసుకోని రారా, పక్కింటోళ్లు తెచ్చుకుంటున్నారు గదా అంటది. ఎప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి బయటికి పోతా."

ఈ కాగితం వల్ల పోయేది క్యాంటీను కార్డు ఒక్కటే కాదు. సిపాయి పింఛనుకు 15 ఏళ్ల సర్వీసు నిండాలి. పదకొండేళ్లకు ఇంటికి పంపితే పింఛను లేదు, పింఛను లేకపోతే మాజీ సైనికుల వైద్యమూ లేదు. అదే డిస్మిస్ అయితే ఇరవై ఏళ్లు చేసినవాడికైనా పింఛనూ గ్రాట్యుయిటీ రెండూ పోతాయి, రాష్ట్రపతి విచక్షణతో ప్రత్యేకంగా మంజూరు చేస్తే తప్ప. దుష్ప్రవర్తన మీద డిశ్చార్జి అయినవాడు ప్రభుత్వం లెక్కలో మాజీ సైనికుడే కాడు. ఎక్స్ సర్వీస్‌మెన్ కోటాలో దరఖాస్తు పెట్టుకోలేడు. నెల్లూరు సైనిక సంక్షేమ కార్యాలయంలో చెయ్యి చాపలేడు. ప్రైవేటు కంపెనీలో వాచ్‌మన్ పనికి పోయినా డిశ్చార్జి బుక్కు చూపించమంటారు. అందులో నడవడిక గురించి రాసిన ఒక్క మాట చదివి కాగితాలు వెనక్కి ఇచ్చేస్తారు. యవ్వనమంతా గన్నుల మధ్య గడిపినవాడికి ఊళ్లో ఆ పదకొండేళ్లు చూపించుకోడానికి ఒక్క ఆధారం మిగలదు. నేను దీన్ని శిక్ష అనే అంటాను, కాగితంలో ఆ పేరు రాయకపోయినా.

హవల్దారు రంజిత్ ఠాకూర్ కథ ఎత్తుకున్నది ఇక్కడే. తనూ సిగ్నల్స్‌లో చేసినవాడు, ఆ కేసు బ్యారక్‌ల్లో చెప్పుకోగా విన్నవాడు.

జైలుకు పోయిన ఠాకూర్ ఊరుకోలేదు. ఆ మే నెలలోనే పై అధికారికి అర్జీ పెట్టుకున్నాడు. తొమ్మిది రోజుల్లో తోసిపుచ్చారు. హైకోర్టుకు పోతే వాదనల దాకా రానివ్వకుండా మొదట్లోనే కొట్టేశారు. సుప్రీంకోర్టు గడప ఎక్కాడు. తీర్పు వచ్చేనాటికి ఏడాది జైలు మొత్తం అనుభవించేశాడు. ఆ ఏడాదిని ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

1987 అక్టోబరు 15న తీర్పు రాసింది జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య. అందులో రెండు సంగతులు సిపాయిలందరూ తెలుసుకోదగ్గవి. తీర్పరిగా కూర్చున్నవాళ్ల మీద నీకు అభ్యంతరం ఉందా అని ముద్దాయిని అడగాలని ఆర్మీ చట్టమే చెబుతోంది, ఇక్కడ అడగలేదన్నది ఒకటి. దానికి తోడు ఆయన మరో మాట చెప్పారు. నాలో పక్షపాతం ఉందా అని జడ్జీ తన మనసును తాను అడిగి చూసుకుంటే సరిపోదు, ఎదుట నిలబడ్డ మనిషి మనసులోకి చూడాలి. తాను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ మనిషే కుర్చీలో కూర్చుంటే, న్యాయం జరుగుతుందని ఏ సిపాయి నమ్ముతాడు?

రెండో సంగతి శిక్ష కొలత గురించి. అన్నం తిననందుకు ఏడాది జైలు, ఉద్యోగం ఊడపీకడం, జన్మకు ముద్ర! శిక్ష నేరానికి తగ్గట్టు ఉండాలనీ, అంతరాత్మ ఉలిక్కిపడేంత శిక్ష వేస్తే ఆ శిక్షే పక్షపాతానికి సాక్ష్యమవుతుందనీ కోర్టు తేల్చింది. కోర్టు మార్షల్ మొత్తం రద్దు. జీతం బకాయిలతో, సర్వీసు ప్రయోజనాలతో ఉద్యోగం తిరిగి ఇమ్మని ఆదేశం. మన దేశంలో శిక్షల కొలత గురించి వాదించే వకీళ్లు ఈనాటికీ ఈ కేసు పేరు చెబుతారు. గవర్నమెంటు గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, బస్సు కండక్టర్లు కూడా ఆ సిపాయి తెచ్చిన తీర్పు నీడలో నిలబడి వాదించుకున్నారు.

తర్వాత 1991లో నాయక్ సర్దార్ సింగ్ కేసు. లీవు మీద ఇంటికి పోతూ, చుట్టాల పెళ్లి కోసం తన యూనిట్ క్యాంటీనులోనే కొన్న రమ్ము సీసాలు అనుమతికి మించి తీసుకెళ్లాడు. దానికి మూడు నెలల జైలు, డిస్మిస్. ఇది మరీ ఎక్కువన్న సుప్రీంకోర్టు, తక్కువ శిక్ష వేయమని వెనక్కి పంపింది.

"ఆళ్లవి కోర్టు మార్షల్ గదా మామా. నాకు కోర్టే లేదు, ఊరికే పంపేసినారు" అన్నాడు కుర్రాడు.

మాట నిజమే. అతనిది ఆర్మీ రూల్సు 1954లో 13వ రూలు కింద డిశ్చార్జి. నాలుగు ఎర్ర సిరా ఎంట్రీలు పడితే ఇక ఇంటికే అన్న నమ్మకం పట్టాళంలో ఎంత గట్టిగా ఉండేదంటే, సిపాయిలే కాదు, చాలామంది ఆఫీసర్లు కూడా అదే చట్టమనుకున్నారు. ఆ నమ్మకాన్ని పడగొట్టింది వీరేంద్ర కుమార్ దూబే కేసు. ఆయనా ఆర్టిలరీ మనిషే. ఎర్ర సిరా ఎంట్రీల పేరుతోనే, పింఛను సర్వీసు నిండకముందే ఇంటికి పంపారు. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టులో జస్టిస్ టి.ఎస్. ఠాకూర్ ఆ డిశ్చార్జిని కొట్టేశారు.

దేని ఆధారంగా కొట్టేశారన్నది ముఖ్యం. కోర్టు కొత్త నియమం పుట్టించలేదు. ఆర్మీ హెడ్‌క్వార్టర్సే 1988 డిసెంబరు 28న అన్ని యూనిట్లకూ ఒక ఉత్తరం పంపింది. డిశ్చార్జికి ముందు ప్రాథమిక విచారణ జరగాలి. సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. నాలుగు ఎంట్రీలు పడినంత మాత్రాన పంపేయడం తప్పనిసరి కాదు. నేరాల తీరు చూడాలి. ఆ మనిషి ఎన్నాళ్లు చేశాడో, ఎలాంటి కఠినమైన చోట్ల, ఎంత కష్టమైన పరిస్థితుల్లో పనిచేశాడో లెక్కలోకి తీసుకోవాలి. పింఛనుకు దగ్గర పడినవాడి మీద మరీ కఠినంగా ఉండకూడదు. సైన్యమే రాసుకున్న ఈ మాటల్ని సైన్యమే పాటించలేదన్నది కోర్టు పట్టుకున్న తప్పు. దూబే పింఛనుకు కావలసిన సర్వీసు నిండేదాకా ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కించమన్నారు. పాత జీతాలు ఇవ్వలేదు, పింఛను ఇచ్చారు.

ఆ ఉత్తరం రాసిన ఆఫీసరెవరో నాకు తెలియదు గానీ, ఆయనకు సిపాయి బతుకు తెలుసు. మంచులో నెలల తరబడి ఉన్నవాడు లీవు మీద ఇంటికొచ్చి, మంచం పట్టిన తండ్రినీ గుమ్మంలో కూర్చున్న అప్పులవాణ్నీ వదిలి గడువు రోజుకు రైలెక్కలేకపోవడం ఎలాంటి తప్పో, ఎంత తప్పో, కుర్చీలో కూర్చున్నవాడు ఆగి ఆలోచించాలని ఆ ఉత్తరం అడుగుతోంది.

పోయిన పరువును తిరిగి అడగడం మనవాళ్లకు కొత్త కూడా కాదు. 1806 జూలైలో వేలూరు కోటలో మద్రాసు సిపాయిలు తిరగబడితే, అందులో ఉన్న ఒకటో రెజిమెంటు పేరును కంపెనీ సర్కారు జాబితా నుంచి కొట్టేసి 24వ నంబరు కింద మార్చింది. ఆ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు ఎందరో ఉండేవారు. 1817 నవంబరులో నాగపూరు దగ్గర సీతాబల్డి కొండల మీద తమకంటే ఎన్నో రెట్లున్న భోంస్లే సేనతో పోరాడి నిలిచాక, ఆ 24వ రెజిమెంటు వాళ్లు బహుమానంగా తమ పాత నంబరు తమకిమ్మన్నారు. సర్కారు ఇచ్చింది. వాళ్లు ఎవరి కొలువులో పోరాడారన్న వాదన వేరు. చాకిరీ చేసినవాడికి తన పేరు మీది మచ్చ ఎంత బాధో మాత్రం పదకొండేళ్లు మనసులో పెట్టుకుని అడిగిన ఆ కోరికలో ఉంది.

కోర్టుకు పోయిన ప్రతివాడూ గెలుస్తాడని ఆశ పెట్టడం అన్యాయం. 2019లో సత్గూర్ సింగ్ కేసులో అదే సుప్రీంకోర్టు డిశ్చార్జిని సమర్థించింది. పదేపదే గైర్హాజరైన అతనికి నోటీసు ఇచ్చారు, అతని జవాబు తీసుకుని పరిశీలించారు, అందుకని ఇక జోక్యం అక్కర్లేదంది. కాబట్టి ఎవరి కేసు వారిదే. నోటీసు వచ్చిందా, విచారణ జరిగిందా, తను చెప్పుకున్న కారణం ఎక్కడైనా రాసుకున్నారా అన్నదే అసలు ప్రశ్న.

హవల్దారు అదే అడిగాడు. "నోటీసు ఇచ్చినారా నీకు?"

"ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు మామా. ఇంగ్లీషులో ఉండింది."

"జవాబు రాసినావా?"

"తప్పయింది, క్షమించమని రెండు ముక్కలు రాసిచ్చినా. పక్కనున్న క్లర్కే చెప్పినాడు అట్ట రాయమని."

"ఎంక్వయిరీ?"

"ఎవురూ పిలవలా."

రంజిత్ ఠాకూర్ రోజుల్లో లేని దారి ఒకటి ఇప్పుడుంది. 2007 చట్టంతో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ వచ్చింది, 2009 నుంచి బెంచీలు పనిచేస్తున్నాయి. నెల్లూరు జిల్లావాళ్లకు దగ్గర్లో ఉన్నది చెన్నై బెంచి. ముందు సైన్యంలోనే పై అధికారులకు అర్జీ పెట్టుకోవాలి, అది తేలాక ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కు పోవాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెప్పి మన్నించమని వేడుకోవచ్చు. మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, మన్నించి తీరాలన్న నియమం లేదు. ఒకవేళ గెలిచినా ఆలస్యం ఖరీదు ఆలస్యానిదే. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో, పదహారేళ్ల తర్వాత కోర్టుకొచ్చిన మాజీ సైనికుడికి బకాయిలు కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇచ్చారు. సిగ్గుతో నోరు మూసుకున్న ప్రతి ఏడాదీ ఇట్లా డబ్బు లెక్కలోనూ పోతుంది. ఈ సంగతి ఆ ఊళ్లలో ఎవరూ ఆ పిల్లలకు చెప్పలేదన్నదే నా బాధ. ఎంపికైన రోజున వేదికెక్కించి దండలు వేసిన పెద్దలు, ఒంటరిగా వెనక్కి వచ్చిన రోజున ఇంటికి పోయి కాగితాలు చూపించరా అని అడిగి ఉంటే, అయిదేళ్లు పోయేవి కావు.

కుర్రాడు అప్పటికే ఒక అర్జీ రాసుకుని తెచ్చాడు. ఒకటిన్నర పేజీ. నాలుగు తప్పులూ తేదీలతో సహా ఒప్పుకుని, క్షమాభిక్ష కోరుకున్నాడు. హవల్దారు చదివి పక్కన పెట్టేశాడు.

"దీంట్లో నీ తప్పులే ఉండాయి. నువ్వు చేసిన పనేది? యాడెక్కడ పోస్టింగు చేసినావు, చెప్పు."

"ఉరీలో రెండేళ్లు. తరవాత తవాంగు పైన. సియాచిన్ బేస్‌లో నాలుగు నెలలు."

"ఇది రాయలేదేంది?"

"అదంతా డ్యూటీనే గదా మామా. అందరూ చేసేదే."

హవల్దారు కొత్త కాగితం తీశాడు. పైన నంబరు, ర్యాంకు, పేరు. కింద పోస్టింగులు ఒక్కొక్కటీ, నెలలతో సహా. నాయన ఆసుపత్రి కాగితాలు ఉన్నాయా అని అడిగాడు. అమ్మ దాచి ఉంటుందన్నాడు కుర్రాడు. అయితే అమ్మకు ముందు నిజం చెప్పి, ఆ కాగితాలు తెచ్చుకోమన్నాడు. నాసిక్ రోడ్డు ఆర్టిలరీ రికార్డ్స్‌కు సమాచార హక్కు కింద పెట్టాల్సిన దరఖాస్తు కూడా ఆ పూటే రాశారు. సంజాయిషీ నోటీసు నకలు, దానికి ఇచ్చిన జవాబు, ప్రాథమిక విచారణ జరిగి ఉంటే ఆ కాగితాలు, డిశ్చార్జికి అనుమతి ఇచ్చిన ఉత్తర్వు అడిగారు. పై అధికారులకు అర్జీ ఆ జవాబు చూసుకుని పంపాలని, చెన్నై సంగతి ఆ తర్వాతేనని అనుకున్నారు. దరఖాస్తు ఆత్మకూరు పోస్టాఫీసులో రిజిస్టరు చేసి, రసీదు అదే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, కుర్రాడు సాయంత్రం ఉదయగిరి బస్సెక్కాడు.